పాఠశాలల్లో అంతర్జాతీయ విద్య - ప్రాంతీయ సదస్సు ప్రణాళిక: యూటా భాషాసదస్సు అనుభవం

వ్యాససంగ్రహం

పాఠశాల స్థాయిలో అంతర్జాతీయ విద్యను ప్రోత్సహించడానికి ప్రాంతీయ సదస్సులు జరపడం అనేక దేశాలలో ఉన్న పద్ధతే. అయితే సదస్సు జరగడం వేరు, దాని ఫలితం తరగతి గదికి చేరడం వేరు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2007లో ఒహాయో, ఆరెగాన్, టెక్సస్ రాష్ట్రాలలోనూ, 2008లో యూటా రాష్ట్రంలోనూ జరిగిన భాషాసదస్సుల రూపకల్పనను ఈ వ్యాసం వివరిస్తుంది. యూటాలో సదస్సు తీర్మానాల దగ్గర ఆగిపోకుండా పాఠశాల కార్యక్రమంగా ఎలా మారిందో, ఆ క్రమంలో ఎవరి అవసరాలు వెనుకబడ్డాయో పరిశీలిస్తుంది. సదస్సుకు ముందు జరిగే అవసరాల సేకరణ, ఆహ్వానితుల ఎంపిక, సదస్సు తరువాత మిగిలే శాశ్వత వ్యవస్థ అనే మూడు అంశాలే దాని విలువను నిర్ణయిస్తాయని ప్రతిపాదించి, ఆ వెలుగులో తెలుగు రాష్ట్రాల ఇటీవలి అనుభవాలను చర్చిస్తుంది.

కీలకపదాలు: అంతర్జాతీయ విద్య, ప్రాంతీయ సదస్సు, భాషాప్రణాళిక, ద్విభాషా మాధ్యమ విద్య, యూటా, మార్గసూచి, తెలుగు బోధన, వలస కుటుంబాలు.

1. ప్రవేశిక

'అంతర్జాతీయ విద్య' అనే మాట తెలుగునాట సాధారణంగా రెండు అర్థాలలో వినిపిస్తుంది. మొదటిది విదేశీ విశ్వవిద్యాలయాలలో చదువు. రెండవది పేరులో 'ఇంటర్నేషనల్' అని చేర్చుకున్న ప్రైవేటు పాఠశాలల్లో చదువు. ఈ రెండూ ప్రధానంగా ఖర్చు భరించగలిగిన కుటుంబాలకు సంబంధించినవి. విద్యాశాస్త్రంలో ఈ పదానికి ఇంతకంటె విశాలమైన అర్థం ఉంది. ఊరి బడిలో చదివే విద్యార్థి కూడా ఇతర దేశాల ప్రజలను, భాషలను, సమస్యలను అర్థం చేసుకునేలా పాఠ్యప్రణాళికను, బోధనను తీర్చిదిద్దడమే ఆ అర్థం.

ఈ భావన వెనుక మూడు వేర్వేరు ప్రేరణలు ఉన్నాయి. మొదటిది శాంతి కాంక్ష. రెండవ ప్రపంచయుద్ధం తరువాత యునెస్కో 1953లో అనుబంధ పాఠశాలల వ్యవస్థను ప్రారంభించింది. 1974 నవంబరులో అంతర్జాతీయ అవగాహన, సహకారం, శాంతి, మానవహక్కుల విద్యపై ఒక సిఫార్సును ఆమోదించింది. 2023 నవంబరులో దానిని సవరించి, ప్రపంచ పౌరసత్వం, సుస్థిరాభివృద్ధి అనే అంశాలను కూడా చేర్చింది. రెండవది దేశదేశాలు తిరిగే కుటుంబాల అవసరం. దౌత్యవేత్తలు, అంతర్జాతీయ సంస్థల ఉద్యోగులు ఎక్కడికి బదిలీ అయినా వారి పిల్లల చదువు ఆగిపోకుండా ఉండాలన్న ఆలోచన నుంచి 1968లో జెనీవా కేంద్రంగా ఇంటర్నేషనల్ బకలారియేట్ సంస్థ ఏర్పడింది. మూడవది జాతీయ ప్రయోజనం. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించిన మరుసటి సంవత్సరమే అమెరికా జాతీయ రక్షణ విద్యాచట్టాన్ని చేసింది. ఆ చట్టం కింద వచ్చిన నిధులు అమెరికా విశ్వవిద్యాలయాలలో విదేశీ భాషల బోధనకు, ప్రాంతీయ అధ్యయనాలకు ఊతమిచ్చాయి. అక్కడ దక్షిణాసియా భాషల అధ్యయనం నిలదొక్కుకోవడానికి కూడా ఈ నిధుల వ్యవస్థ ఒక ముఖ్య ఆధారం.

శాంతి, చలనశీలత, జాతీయ ప్రయోజనం అనే ఈ మూడు ప్రేరణలు కొన్నిచోట్ల కలిసి నడుస్తాయి, మరికొన్నిచోట్ల ఒకదానితో ఒకటి విభేదిస్తాయి. అంతర్జాతీయ విద్యపై సదస్సు తలపెట్టినవారు వీటిలో దేనిని ముందుంచుతున్నారో తేల్చుకోకపోతే వక్తలు ఒకే పదంతో వేర్వేరు విషయాలు మాట్లాడి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. అందుచేత సదస్సు ప్రణాళికలో తొలి పని నిర్వచనమే.

2. సదస్సు ప్రాంతీయ స్థాయిలోనే ఎందుకు?

అమెరికాలో పాఠశాల విద్య ప్రధానంగా రాష్ట్రాల బాధ్యత. పాఠ్యప్రమాణాలు, ఉపాధ్యాయుల అర్హతలు, ఉత్తీర్ణతా నియమాలు రాష్ట్రాలే నిర్ణయిస్తాయి. పాఠశాలల రోజువారీ నిర్వహణ స్థానిక విద్యా జిల్లాల చేతిలో ఉంటుంది. విదేశీ భాషలు నేర్పాలని కేంద్ర ప్రభుత్వం కోరుకున్నా నేరుగా ఆదేశించే వీలు తక్కువ. నిధులు ఇవ్వగలదు, పిలుపునివ్వగలదు, అంతే. అక్కడి విధానం తరగతి గదికి చేరే దారి రాష్ట్రం గుండానే పోతుంది.

భారతదేశంలోనూ పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం కాదు. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చినా, ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయ నియామకాలు, రాష్ట్ర సిలబసు పాఠ్యపుస్తకాలు, పదవ తరగతి పరీక్షలు రాష్ట్ర ప్రభుత్వాల పరిధిలోనే ఉన్నాయి. కనుక జాతీయ స్థాయి సదస్సు లక్ష్యాన్ని ప్రకటించగలదే తప్ప, ఆ లక్ష్యం కోసం వారానికి ఎన్ని పీరియడ్లు కేటాయించాలో నిర్ణయించలేదు. ఆ నిర్ణయం తీసుకోగలిగినవారు ఒకే గదిలో కూర్చునే అవకాశం ప్రాంతీయ సదస్సులోనే ఉంటుంది.

3. 2007 నాటి భాషాసదస్సులు: రూపకల్పన

అమెరికా కాంగ్రెసు 1991లో చేసిన జాతీయ భద్రతా విద్యాచట్టం కింద ఏర్పడిన కార్యక్రమాలలో 'లాంగ్వేజ్ ఫ్లాగ్‌షిప్' ఒకటి. విశ్వవిద్యాలయ స్థాయిలో చైనీ, అరబ్బీ, రష్యన్ వంటి భాషలలో వృత్తిపరమైన ప్రావీణ్యం సాధింపజేయడం దీని ఉద్దేశం. పద్దెనిమిదేళ్ళ వయసులో మొదలుపెట్టినవారిని ఆ స్థాయికి చేర్చడం కష్టమని అనుభవంలో తేలింది. భాషాభ్యాసం బడిలోనే మొదలు కావాలి. బడులు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. ఈ అవసరం నుంచే 2007లో ఒహాయో, ఆరెగాన్, టెక్సస్ రాష్ట్రాలలో భాషాసదస్సులు జరిగాయి. మూడుచోట్లా అక్కడి ప్రధాన విశ్వవిద్యాలయాలు నిర్వహణ బాధ్యత వహించాయి.

ఈ సదస్సుల రూపకల్పనలో గమనించదగిన విశేషం వాటి క్రమం. సాధారణ విద్యాసదస్సులో విద్యావేత్తలు మాట్లాడతారు, ఇతరులు వింటారు. ఇక్కడ ఆ వరుస తారుమారైంది. ముందుగా వ్యాపార సంస్థలు, ప్రభుత్వ శాఖలు, వైద్యం, న్యాయం, రక్షణ వంటి రంగాల ప్రతినిధులను పిలిచి, రాష్ట్రంలో ఏ భాషలు ఎక్కడ అవసరమవుతున్నాయో, అవి తెలిసినవారు లేక ఏ పనులు ఆగిపోతున్నాయో చెప్పమన్నారు. ఆ అవసరాల జాబితాను చేతికి తీసుకుని, విద్యారంగంలోని వారు ఆ తరువాత కార్యబృందాలుగా కూర్చుని పరిష్కారాలు రాశారు. ఆ రచన ఫలితమే ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క 'భాషా మార్గసూచి'.

అంటే సదస్సు ఈ ప్రక్రియకు మొదలూ కాదు, తుదీ కాదు. నెలల తరబడి సాగే పనిలో అది ఒక నడిమి మజిలీ. దానికి ముందు సమాచార సేకరణ ఉంది, తరువాత ముసాయిదా రచన ఉంది. వేదిక మీద గడిచిన సమయం మొత్తం ప్రక్రియలో అతి చిన్న భాగం.

4. యూటా: సదస్సు, శాసనం

మూడు రాష్ట్రాల పద్ధతిని అనుసరించి 2008లో యూటా గవర్నరు జాన్ హంట్స్‌మన్ భాషాసదస్సును ఏర్పాటు చేశారు. అమెరికాలో గవర్నరు ప్రజలు నేరుగా ఎన్నుకున్న కార్యనిర్వాహక అధిపతి. అధికారాల రీత్యా భారతదేశంలోని ముఖ్యమంత్రి స్థానంతో పోల్చదగినవాడు. హంట్స్‌మన్ యువకుడిగా తైవాన్‌లో మతప్రచారకుడిగా పనిచేసి మాండరిన్ నేర్చుకున్న వ్యక్తి. ఇది ఆయన ఒక్కరి విశేషం కాదు. యూటా జనాభాలో గణనీయమైన భాగం మోర్మన్ సంప్రదాయానికి చెందినది. ఆ సంప్రదాయంలో యువత దేశాంతరాలలో మతసేవ చేసి, అక్కడి భాషలు నేర్చుకుని తిరిగిరావడం పరిపాటి. సముద్రతీరం లేని, పెద్ద వలస కేంద్రం కాని ఒక పర్వత రాష్ట్రంలో విదేశీ భాషల పట్ల ఆదరణ ముందే ఉండడానికి ఇది కారణం. మరొక ప్రాంతం యూటాను ఆదర్శంగా తీసుకునేటప్పుడు ఈ స్థానిక అనుకూలతను విస్మరించరాదు.

యూటాను తక్కిన మూడు రాష్ట్రాల నుంచి వేరుచేసింది సదస్సు కాదు, దానితో పాటు ఏర్పడిన మరి మూడు ఏర్పాట్లు. మొదటిది శాసనం. 2008లోనే యూటా శాసనసభ 'అంతర్జాతీయ చొరవలు' అనే పేరుతో సెనేట్ బిల్లు 41ను ఆమోదించి, చైనీ, ఫ్రెంచి, స్పానిష్ భాషలలో ద్విభాషా మాధ్యమ విద్య ప్రారంభించే పాఠశాలలకు నిధులు కేటాయించింది. రెండవది శాశ్వత సంస్థ. గవర్నరు ప్రపంచ భాషల మండలి ఏర్పడి, సదస్సు చర్చలను పాఠశాల తొలి తరగతుల నుంచి 12వ తరగతి వరకు వర్తించే మార్గసూచిగా మలిచే బాధ్యత తీసుకుంది. మూడవది రాష్ట్ర విద్యాశాఖలోనే కార్యక్రమ నిర్వహణకు ప్రత్యేక సిబ్బంది. నిధి, సంస్థ, నిర్వాహకుడు అనే ఈ మూడూ ఉన్నప్పుడు సదస్సు తీర్మానానికి ఒక చిరునామా ఏర్పడుతుంది. ఏది జరగకపోయినా ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ఈ ఏర్పాట్లకు పరీక్ష త్వరలోనే వచ్చింది. సదస్సుకు ప్రాణం పోసిన హంట్స్‌మన్ 2009 ఆగస్టులో చైనాలో అమెరికా రాయబారిగా నియమితుడై పదవి వదిలిపెట్టారు. లెఫ్టినెంట్ గవర్నరుగా ఉన్న గ్యారీ హెర్బర్ట్ ఆ స్థానంలోకి వచ్చారు. ఒక నాయకుని అభిరుచి మీద ఆధారపడిన పథకమైతే అక్కడితో సన్నగిల్లవలసింది. అలా జరగలేదు. హెర్బర్ట్, అప్పటి రాష్ట్ర విద్యాధికారి ల్యారీ షమ్‌వే 2010లో ఒక లక్ష్యాన్ని ప్రకటించారు: 2015 నాటికి 100 పాఠశాలల్లో కార్యక్రమం, 25,000 మంది విద్యార్థులు. ప్రజల నుంచి వచ్చిన ఆదరణ చూసి గడువును 2014కు ముందుకు జరిపారు. తరువాత పోర్చుగీసు, జర్మన్, రష్యన్ భాషలు కూడా చేరాయి. ఇద్దరు గవర్నర్లూ ఒకే పార్టీకి చెందినవారన్న సంగతి ఇక్కడ గమనించాలి. అధికార పార్టీ మారి ఉంటే ఏమయ్యేదో యూటా అనుభవం చెప్పదు. అయితే కార్యక్రమం వ్యక్తి నుంచి వేరై నిలబడగలిగిందని మాత్రం అది నిరూపిస్తుంది.

5. తరగతి గదిలో అమలు

సదస్సు నిర్ణయం బడిలో నిలబడడానికి మరొక కారణం దాని బోధనా నమూనా. యూటా పద్ధతిలో పిల్లవాడు బడిలో సగం రోజు ఆంగ్లంలోనూ, తక్కిన సగం రోజు ఎంచుకున్న భాషలోనూ చదువుతాడు. రెండో భాష ఇక్కడ కేవలం ఒక సబ్జెక్టు కాదు, మాధ్యమం. తొలి తరగతులలో గణితం కూడా ఆ భాషలోనే నేర్పుతారు. పై తరగతులకు వెళ్ళేకొద్దీ విషయాల పంపిణీ మారుతుంది. 9వ తరగతి ప్రాంతంలో విద్యార్థులు కళాశాల స్థాయికి సమానమైన 'అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్' భాషాపరీక్షకు సిద్ధమవుతారు. ఆ తరువాత విశ్వవిద్యాలయాల సహకారంతో నడిచే సేతు కోర్సులలో చేరే వీలుంటుంది.

దీనిలోని ఆర్థిక కిటుకు సామాన్యమైనదే కాని చాలా ముఖ్యమైనది. ఒక తరగతికి రెండు సెక్షన్లు ఉన్నాయనుకుంటే వాటికి ఎలాగూ ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఇద్దరూ ఆంగ్లంలో బోధించే బదులు ఒకరు ఆంగ్లంలో, మరొకరు రెండో భాషలో బోధిస్తారు. మధ్యాహ్నం సెక్షన్లు మారతాయి. అదనపు ఉపాధ్యాయుడు అక్కరలేదు, అదనపు గది అక్కరలేదు. మొదటి ఏర్పాట్లకు, శిక్షణకు, పాఠ్యసామగ్రికి మాత్రమే ప్రత్యేక నిధులు కావాలి. ప్రతి సంవత్సరం కొత్తగా డబ్బు అడగవలసిన పథకం కంటె, ఉన్న జీతాల పద్దులోనే ఇమిడిపోయే పథకానికి ఆయుర్దాయం ఎక్కువ. సదస్సు ప్రణాళికలో ఆర్థిక నిపుణుని అవసరం ఇటువంటిచోటే తెలుస్తుంది.

ఉపాధ్యాయుల కొరత ఈ నమూనాకు బలహీనత. చైనీ భాషలో ఒకటవ తరగతి గణితం చెప్పగలిగిన స్థానిక ఉపాధ్యాయులు దొరకడం తేలిక కాదు. యూటా ఇందుకు విదేశీ ప్రభుత్వాలతో అవగాహన ఒప్పందాలు చేసుకుని అతిథి ఉపాధ్యాయులను పరిమిత కాలానికి రప్పించుకుంది. దీనివల్ల కార్యక్రమం త్వరగా విస్తరించింది. కానీ వారి వీసా గడువు ముగియగానే కొత్తవారి కోసం వెతకవలసి వచ్చింది. చైనా ప్రభుత్వ సహకారంతో నడిచే భాషాకార్యక్రమాలు అమెరికాలో క్రమంగా రాజకీయ వివాదంలో పడ్డాయి. ఉపాధ్యాయుల తయారీ స్థానికంగా జరగకపోతే, అంతర్జాతీయ విద్య అంతర్జాతీయ రాజకీయాలకు బందీ అయ్యే ప్రమాదం ఉందని ఈ అనుభవం సూచిస్తుంది.

6. సదస్సులో వినిపించని గొంతులు

యూటా విజయకథకు మరొక పార్శ్వం ఉంది. అమెరికాలో ద్విభాషా విద్య మొదట వలస కుటుంబాల పిల్లల కోసం, ముఖ్యంగా స్పానిష్ మాట్లాడే పిల్లలు తమ భాషను కోల్పోకుండా ఆంగ్లం నేర్చుకోవడం కోసం జరిగిన పోరాటాల నుంచి బలపడింది. అదే యూటాలో 2000 నవంబరులో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఆంగ్లాన్ని అధికార భాషగా ప్రకటించారు. వలస పిల్లల ఇంటి భాష నాడు ఒక సమస్యగా కనిపించింది. ఎనిమిదేళ్ళకు అదే రాష్ట్రం స్పానిష్ మాధ్యమానికి నిధులిచ్చింది. ఈసారి ఆ భాష ఒక ఆస్తిగా కనిపించింది. అయితే ఎవరి ఆస్తిగా?

వెరోనికా వాల్డెజ్, గ్యారెట్ డెలవాన్, హువాన్ ఫ్రేరె అనే పరిశోధకులు యూటా పత్రికలలో ఈ విధానం గురించి వచ్చిన రాతలను విశ్లేషించారు. ద్విభాషా విద్యను సమన్యాయ దృష్టితో చూసే చట్రం వెనక్కు తగ్గి, ప్రపంచ విపణిలో పనికివచ్చే మానవ వనరును తయారుచేసే చట్రం ముందుకు వచ్చిందని వారి వాదన. భాష ఇంట్లో ఉన్న పిల్లల కంటె, భాషను అదనపు అర్హతగా సంపాదించుకోగల ఆంగ్లభాషీయ, మధ్యతరగతి పిల్లలకే ఈ ప్రచారం ఎక్కువగా ఉద్దేశితమైనదని వారు చూపారు.

ఈ విమర్శను సదస్సు రూపకల్పనతో కలిపి చదవాలి. అవసరాలను ముందుగా చెప్పమని ఎవరిని అడిగారో, వారి అవసరాలే విధానంలోకి వచ్చాయి. ఎగుమతిదారుని అడిగితే విపణి భాష గురించి చెబుతాడు. ప్రభుత్వ శాఖను అడిగితే భద్రత గురించి చెబుతుంది. ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ బడిలో మౌనంగా కూర్చునే పిల్లవాని తల్లిని అడిగితే ఆమె చెప్పేది వేరు. ఈ దృష్టితో చూస్తే ఆహ్వానితుల జాబితా కేవలం నిర్వహణ విషయం కాదు. 'అంతర్జాతీయం' అనే పదానికి ఆ ప్రాంతంలో అర్థాన్ని నిర్ణయించేది ఆ జాబితాయే.

7. తెలుగు రాష్ట్రాల సందర్భం

ఈ చర్చకు తెలుగు రాష్ట్రాలలో రెండు సమీప అనుభవాలు ఉన్నాయి. మొదటిది ఆంధ్రప్రదేశ్‌కు చెందినది. 2024 జనవరి చివరలో రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి, ఇంటర్నేషనల్ బకలారియేట్ సంస్థల మధ్య ఒప్పందం కుదిరింది. ప్రభుత్వ పాఠశాలల్లో తొలి తరగతుల నుంచి దశలవారీగా ఆ విధానాన్ని ప్రవేశపెట్టాలన్నది ఉద్దేశం. సంపన్నుల బడులకు పరిమితమైన విధానాన్ని ప్రభుత్వ బడికి తేవాలన్న ఆలోచనలో సమానత్వ కాంక్ష ఉంది. కానీ అదే సంవత్సరం జూన్‌లో ప్రభుత్వం మారింది, ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు. విధానం మంచిదా కాదా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. రెండు సంస్థల మధ్య ఒప్పందంగా మొదలైన పని రాజకీయ మార్పును తట్టుకోవడం కష్టమన్నదే గమనించవలసిన విషయం. యూటాలో శాసనం, మండలి, నిర్వాహక సిబ్బంది ఉండగా గవర్నరు మారారు. ఇక్కడ అటువంటి వ్యవస్థ స్థిరపడక ముందే ప్రభుత్వం మారింది.

రెండవది తెలంగాణ అనుభవం. 2017 డిసెంబరులో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. కొద్ది నెలలలోనే, 2018లో, రాష్ట్రంలోని అన్ని పాఠశాలల్లో తెలుగును తప్పనిసరిగా బోధించాలని చట్టం వచ్చింది. 1975లో హైదరాబాదులోనూ, 1981లో కౌలాలంపూర్‌లోనూ, 1990లో మారిషస్‌లోనూ, 2012లో తిరుపతిలోనూ జరిగిన మహాసభల పరంపరలో సభకూ శాసనానికీ ఇంత దగ్గర సంబంధం కనిపించడం విశేషం. అయినప్పటికీ ఇతర బోర్డుల పాఠశాలల్లో అమలు నెమ్మదిగా సాగింది. 2025లో కూడా ప్రభుత్వం దీనిపై మరల ఉత్తర్వులు ఇవ్వవలసి వచ్చింది. తెలుగు మాతృభాష కాని విద్యార్థుల కోసం 'వెన్నెల' అనే సరళ వాచకాన్ని వినియోగించాలని సూచించింది. శాసనం ఒక్కటే చాలదనీ, ఏ విద్యార్థికి ఏ స్థాయి పుస్తకం, దానిని చెప్పే ఉపాధ్యాయుడెవరు అన్న ప్రశ్నలకు సమాధానం ముందే సిద్ధంగా ఉండాలనీ ఈ ఉదాహరణ చెబుతుంది.

ఈ రెండు అనుభవాలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒకచోట శాసనం లోపించింది, మరొకచోట శాసనం ఉన్నా తరగతి గది ఏర్పాటు ఆలస్యమైంది. మంచి సదస్సు ఈ రెండింటినీ ఒకే ప్రణాళికలో కలపగలగాలి.

8. అవసరాల సేకరణ: తెలుగునాట ఎవరిని అడగాలి?

తెలుగు రాష్ట్రాలలో అంతర్జాతీయ విద్యపై ప్రాంతీయ సదస్సు తలపెడితే మొదట గుర్తుకు వచ్చే ఆహ్వానితులు సాఫ్ట్‌వేర్ సంస్థలు, విదేశీ విద్యా సలహాదారులు, అమెరికాలోని తెలుగు సంఘాలు. వారి అవసరాలు నిజమైనవే. కానీ తెలుగువారు సరిహద్దులు దాటే దారి అది ఒక్కటే కాదు. జగిత్యాల, నిజామాబాద్, రాజన్న సిరిసిల్ల ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి దశాబ్దాలుగా శ్రామికులు గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. వారి పిల్లలు అనేకులు ప్రభుత్వ పాఠశాలల్లో చదువుతున్నారు. ఆ ఇళ్ళలో వీసా, పాస్‌పోర్టు, ఒప్పంద పత్రం, ఏజెంటు అనేవి నిత్యజీవితపు మాటలు. అరబ్బీలో ఉన్న ఒప్పందాన్ని చదవలేక సంతకం చేసే పరిస్థితి ఎదురైన కుటుంబానికి అంతర్జాతీయ విద్య అంటే ఏమిటో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

2020 జాతీయ విద్యావిధానం మాధ్యమిక స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషలకు ఉదాహరణలుగా కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీసు, రష్యన్ భాషలను పేర్కొంది. ఆ వరుసలో అరబ్బీ లేదు. ఇవి ఉదాహరణలే కనుక చేర్చుకోవడానికి అడ్డంకి లేదు. అయితే ఎవరి అవసరాన్ని ముందుగా అడుగుతారో వారి భాషే జాబితాకెక్కుతుందన్న యూటా పాఠం ఇక్కడా వర్తిస్తుంది. వనరుల కొరత కూడా లేదు. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో అరబ్బీతో సహా అనేక భాషల విభాగాలు ఉన్నాయి. పాఠశాల ఉపాధ్యాయుల శిక్షణకు అటువంటి విభాగాలను వినియోగించుకుంటే, యూటా ఎదుర్కొన్న అతిథి ఉపాధ్యాయ సమస్య కొంతవరకు తప్పుతుంది.

ప్రవాసాంధ్రుల వైపు నుంచి వచ్చే అవసరం దీనికి మరో ముఖం. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటి కార్యక్రమాలు అమెరికాలో పుట్టిన పిల్లలకు వారాంతపు తరగతుల ద్వారా తెలుగు నేర్పుతున్నాయి. 2011లో కాలిఫోర్నియా ద్విభాషా ప్రావీణ్య ముద్రను చట్టబద్ధం చేసిన తరువాత అనేక రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఇంటి భాషలో ప్రావీణ్యం నిరూపించుకున్న విద్యార్థికి పట్టాపై గుర్తింపు లభించే అవకాశం ఏర్పడింది. యూటాలో స్పానిష్ తల్లిదండ్రులు నిలబడిన చోటే అమెరికాలో తెలుగు తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. తమ భాషను 'విపణి భాష'గా నిరూపించలేకపోయినా అది తమ పిల్లల హక్కు అని చెప్పుకోవలసిన స్థితి వారిది. ఈ పోలిక గుర్తున్నవారు స్వస్థలంలో సదస్సు జరిపేటప్పుడు ఆదివాసీ, ఉర్దూ, లంబాడీ భాషల పిల్లలను మరచిపోరు.

9. ప్రణాళికా సూత్రాలు

పై పరిశీలన నుంచి ప్రాంతీయ సదస్సు ప్రణాళికకు కొన్ని సూత్రాలను రాబట్టవచ్చు.

మొదటిది, సదస్సు ఒకే ప్రశ్నకు సమాధానం వెతకాలి. 'అంతర్జాతీయ విద్య - సవాళ్ళు, అవకాశాలు' అనే శీర్షిక కింద ఏ పత్రమైనా ఇముడుతుంది. 'పదవ తరగతి పూర్తిచేసే విద్యార్థి మరొక దేశం గురించి ఏమి తెలుసుకోవాలి, ఏ భాషలో ఏమి చేయగలగాలి' అన్న ప్రశ్న చర్చను ఒక దారిలో ఉంచుతుంది.

రెండవది, అవసరాల సేకరణ సదస్సుకు కనీసం కొన్ని నెలల ముందు జరగాలి. సమావేశ మందిరానికి రాలేనివారి దగ్గరకు పరిశోధక విద్యార్థులు వెళ్ళి రాసుకురావాలి. విశ్వవిద్యాలయ విద్యాశాఖలు, తెలుగుశాఖలు చేయగల విలువైన దోహదం ఇదే. ఈ నివేదిక ప్రతినిధులకు ముందే చేరితే సదస్సు సమయం పరిచయాలతో గాక నిర్ణయాలతో గడుస్తుంది.

మూడవది, నిర్ణయాధికారం ఉన్నవారు ప్రారంభసభ ముగియగానే వెళ్ళిపోకుండా కార్యబృందాలలో కూర్చోవాలి. పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయ శిక్షణ, ఆర్థికం అనే మూడు బృందాలు తప్పనిసరి. ప్రతి బృందంలో పాఠం చెబుతున్న ఉపాధ్యాయులు ఉండాలి. కాలపట్టికలో ఒక పీరియడు పెంచితే ఏది తగ్గించాలో వారికే తెలుసు.

నాలుగవది, వివిధ రాజకీయ పక్షాల ప్రతినిధులను, ఉపాధ్యాయ సంఘాలను ముసాయిదా దశలోనే భాగస్వాములను చేయాలి. పాఠశాల సంస్కరణ ఫలితం కనబడడానికి ఒక బిడ్డ ఒకటవ తరగతి నుంచి పదవ తరగతికి చేరే కాలం పడుతుంది. ఆ కాలంలో కనీసం రెండు ఎన్నికలు జరుగుతాయి.

అయిదవది, ముగింపు సభలో తీర్మానాల పట్టికతో పాటు బాధ్యతల పట్టిక కూడా ఉండాలి. ఏ పని, ఏ శాఖ, ఏ గడువు, ఏ పద్దు అన్న నాలుగు గళ్ళు నిండని తీర్మానాన్ని ఆమోదించకపోవడమే మేలు. ఏడాది తరువాత అదే ప్రతినిధులు అదే పట్టికను ముందుంచుకుని మరల సమావేశం కావాలి.

10. ముగింపు

యూటా అనుభవాన్ని ఉన్నదున్నట్లు అనుకరించడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. అక్కడి మతసంప్రదాయం, జనాభా స్వరూపం, పాలనా వ్యవస్థ వేరు. తీసుకోదగినది దాని క్రమం: ముందు అవసరం, తరువాత సదస్సు, దానితో పాటు శాసనం, సంస్థ, ఆపైన తరగతి గది. జాగ్రత్తపడవలసినది దాని లోపం: అవసరాలను అడిగిన వారి జాబితా ఇరుకుగా ఉంటే ఫలితం కూడా ఇరుకుగానే ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలలో అంతర్జాతీయ విద్య ఇప్పటివరకు ప్రధానంగా దిగుమతి చేసుకోవలసిన సిలబసుగానో, కొనుక్కోవలసిన అవకాశంగానో చర్చకు వచ్చింది. తండ్రి దుబాయిలో, అన్న డాలస్‌లో, తాను మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉన్న విద్యార్థి జీవితంలో ప్రపంచం ఇప్పటికే ఉంది. బడిలో మాత్రం దానికి ఇంకా చోటు దొరకలేదు. ప్రాంతీయ సదస్సు చేయవలసిన పని ఆ విద్యార్థి కాలపట్టికలో వారానికి ఎన్ని గంటలు దానికి కేటాయించాలో, ఆ గంటలలో పాఠం చెప్పేది ఎవరో తేల్చడమే.